సగం దారి

రోకలి పైకి లేచినప్పుడు చెయ్యి రోట్లో ఉండాలి, రోకలి దిగేసరికి ఆ చెయ్యి అక్కడ ఉండకూడదు. పనంతా ఇంతే. కుమాసి పట్నంలో తాఫో బజారు వెనక సందులో, ఫొసువా పిన్ని పూటకూళ్ళ ఇంటి పెరట్లో, రేకుల పందిరి కింద పొద్దున పదింటి నుంచీ ఆ పని జరుగుతూనే ఉంది.

బిరాగో నిలబడి దంచుతోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. పొడగరి, మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టేంత సన్నం, కానీ భుజాలు మాత్రం గట్టివి. రోకలి ఆమె కన్నా జానెడు పొడుగు. దాని కింది కొస దంచీ దంచీ కుంచెలా విచ్చుకుంది. రోట్లో ఉడికిన కర్రపెండలం, పచ్చి అరటికాయ కలిసి పసుపుపచ్చటి ముద్దగా సాగుతున్నాయి. పక్కనే చిన్న పీట మీద, రోటికి అటొక కాలు ఇటొక కాలు చాపుకుని సర్పొమా అవ్వ కూర్చుంది. రోకలి లేవగానే ఆమె చెయ్యి రోట్లోకి పోతుంది, ముద్ద అంచుని మడిచి మధ్యకి తోస్తుంది, పక్కనున్న నీళ్ళ గిన్నెలో వేళ్ళు తడుపుకుంటుంది. ఈ లోపల రోకలి ధబ్బుమని దిగుతుంది. మళ్ళీ లేస్తుంది. మళ్ళీ చెయ్యి.

విడ్డూరమేమిటంటే అవ్వ రోట్లోకి చూడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ పీట మీద కూర్చుని ఆమె వీధిలోకే చూస్తోంది.

"అదుగో, ఆ వ్యాను డ్రైవరు ఇవాళ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పెళ్ళాం పుట్టింటికి పోయిందన్నమాట," అంటుంది. చెయ్యి లోపలికి పోతుంది, బయటికొస్తుంది. "ఆ పాస్టరు గారు చూడు, నిన్న ఉపవాసం అన్నాడు, ఇవాళ రెండు ముద్దలు కట్టించుకుపోతున్నాడు." చెయ్యి మళ్ళీ లోపలికి.

ఏడు వారాల కిందట ఈ పనిలో చేరిన రోజున బిరాగో ఆ చేతిని చూసి దంచడం మర్చిపోయింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి, నిండుగా, చర్మం నీళ్ళలో నాని ముడతలు పడి. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ కొన్ని వేల సార్లు రోకలి కింద పెట్టి తీసిన చెయ్యి అది. పట్నంలో బిరాగో పెద్ద పెద్ద వంతెనలు చూసింది, అద్దాల మేడలు చూసింది. నోరు తెరుచుకుని నిలబడిపోయింది మాత్రం ఈ ముసలామె చెయ్యి ముందే. ఏడు వారాలైనా ఆ అబ్బురం తగ్గలేదు.

ఇవాళ మాత్రం ఆమె మనసు రోటి దగ్గర లేదు. పెరట్లో కట్టెల గుట్ట వెనక ఉంది. తెల్లవారుజామున అవ్వ కుళాయి దగ్గరికి పోయినప్పుడు బిరాగో తన బట్టలన్నీ సంచిలో సర్ది, ఎవరూ చూడకుండా తెచ్చి అక్కడ దాచింది. మూడింటికి దంచుడు అయిపోతుంది. అటునుంచి అటే బస్సుల అడ్డాకి నడిచిపోతుంది. తనకి చోటిచ్చిన అవ్వ గదికి తిరిగి వెళ్ళదు, అవ్వతో చెప్పదు. ఇప్పటికి ఆరు చోట్ల నుంచి అలాగే పోయింది.

పొమ్మనలేక పొగపెట్టడం అంటారు. ఏడు నెలల్లో బిరాగో ముక్కు ఎంత పదునెక్కిందంటే, నిప్పు రాజుకోకముందే ఆమెకి పొగ వాసన తెలిసిపోయేది. కుట్టుపని చేసే ఒకావిడ ఇంట్లో రెండు వారాలున్నాక, ఆవిడ సబ్బుబిళ్ళని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "ఈ మధ్య సబ్బులు ఎంత తొందరగా అరిగిపోతున్నాయో," అంది. అనడం సబ్బుతోనే అంది. బిరాగో ఆ మర్నాడు అక్కడ లేదు. చర్చి వెనక గదిలో ఉండనిచ్చిన పాటల పంతులమ్మ భోజనం ముందు ప్రార్థనలో "ప్రభువా, మా మోయలేని బరువులు" అని మొదలుపెట్టిన రోజున, ఆమేన్ అనేలోపే బిరాగో తన సంచి ఎక్కడుందో చూసుకుంది. స్నేహితురాలు మాన్సా నర్సుల బడి హాస్టల్లో, ఒకే మంచం మీద ఒకరి తల వైపు ఒకరి కాళ్ళు పెట్టుకుని పడుకున్న రోజుల్లో, వార్డెను వచ్చినప్పుడల్లా బిరాగో మంచం కిందికి దూరేది. మాన్సా ఏమీ అనలేదు. కానీ ఒక రోజు నిద్రలో నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు చాలు.

అయినా ఆమెకి ఆ ఇళ్ళమీద కోపం లేదు. ఉన్నదంతా ఒక రకమైన ఆశ్చర్యం. ముక్కూ మొహం సరిగ్గా తెలియని పిల్లని తీసుకొచ్చి, తాము నిద్రపోయే చోట నిద్రపొమ్మన్నారు! తలుపు మూసుకున్నాక మనుషులు ఎలా ఉంటారో చూడనిచ్చారు. కుట్టుపనావిడ రాత్రిపూట చనిపోయిన తన మొగుడి చొక్కాకి గుండీలు మార్చి మార్చి కుట్టేది. పాటల పంతులమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు చర్చి పాటలు కాదు, సారాకొట్టు పాటలు పాడుకునేది. ఇల్లున్న వాళ్ళకి తమ ఇల్లొక్కటే తెలుస్తుంది. బిరాగోకి ఏడిళ్ళ లోపల ఏముందో తెలుసు. పొద్దున కళ్ళు తెరవగానే పైకప్పు చూసి ఇది ఎవరిల్లో గుర్తు చేసుకోవడం, గుర్తు రాగానే "వీళ్ళూ ఉండనిచ్చారు" అనుకోవడం ఆమెకి దేవుడికి దణ్ణం పెట్టుకోవడం లాంటిదైపోయింది.

అసలు ఆమెకి ఇల్లు ఎందుకు లేదంటే, అది ఎవరి తప్పూ కాదు. నాన్న అశాంటి తెగ మనిషి, అమ్మ వోల్టా ఏటి అవతలి ఎవె తెగ మనిషి. నాన్నవాళ్ళలో ఇల్లూ వాకిలీ తల్లి వంశం వెంట పోతాయి. అమ్మవాళ్ళలో తండ్రి వంశం వెంట పోతాయి. అమ్మ చిన్నప్పుడే పోయింది. లారీ డ్రైవరు నాన్న పోయాక ఆయన గదులు ఆయన మేనల్లుడికి వచ్చాయి, అది న్యాయమే. అమ్మ ఊరికి వెళితే అక్కడి పెద్దవాళ్ళు అన్నం పెట్టి, మంచిమాటలు చెప్పి, "మీ నాన్న వాళ్ళ దగ్గరికి పో తల్లీ" అన్నారు, అదీ న్యాయమే. రెండు న్యాయాల మధ్య పిల్ల రెంటికి చెడ్డ రేవడి అయింది. పోనీ గది అద్దెకి తీసుకుందామంటే రెండేళ్ళ అద్దె ఒక్కసారే చేతిలో పోస్తేగాని కుమాసిలో ఎవరూ తాళంచెవి చూపించరు.

నాన్న ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మాత్రం ఆమె పద్ధతిగానే బయలుదేరింది. ఎవరింటికైనా వచ్చినవాళ్ళు లేచిపోయే ముందు దారి అడగాలి, ఇంటివాళ్ళు ఇవ్వాలి. మంచి ఇల్లయితే సగమే ఇస్తారు. మిగతా సగం తమ దగ్గర అట్టిపెట్టుకుంటారు, మనిషి దానికోసమైనా మళ్ళీ రావాలని. బిరాగో చెప్పులు విడిచి మేనత్త ముందు నిలబడి, "అత్తా, దారి అడుగుతున్నాను," అంది. మేనత్త బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా, "దారి అదుగో, అక్కడే ఉందిగా," అంది.

మొత్తం ఇచ్చేసింది. సగం కూడా ఉంచుకోలేదు.

ఆ రోజు నుంచి బిరాగో ఎవరినీ దారి అడగలేదు. అడగకపోతే మొత్తం ఇచ్చేశారో సగమే ఇచ్చారో తెలియదు. తెలియకపోవడమే నయమనుకుంది.

ఇక అవ్వ గదికి వస్తే, అక్కడ పొగ వాసన మొన్నటి నుంచే వస్తోంది. అవ్వ కూతురు తివా పెద్దాసుపత్రిలో మంగళవారం ప్రసవించింది, ఆడపిల్ల. ఇవాళ గురువారం, తల్లీబిడ్డా పుట్టింటికి వస్తున్నారు. అవ్వ బిడ్డకి నీళ్ళు పొయ్యడానికి పక్క గదివాళ్ళ దగ్గర రేకు తొట్టి అడిగి తెచ్చి బూడిదతో తళతళా తోమింది. మంచం గోడవైపు జరిపింది. బిరాగో చాప పరుచుకునే చోట తొట్టి పెట్టి చూసింది. తొట్టి సరిగ్గా పట్టింది. ఉన్నదొక్కటే గది. అవ్వ మాత్రం బిరాగోతో ఒక్క మాట అనలేదు. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

ఇదంతా తలలో తిరుగుతుండగా రోకలి ఒక అరక్షణం ముందు దిగింది.

శబ్దం మారింది. మెత్తగా పడాల్సిన చోట ఏదో గట్టిగా తగిలింది. అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది కానీ మధ్యవేలి కణుపు మీద చర్మం లేచిపోయింది. పసుపు ముద్ద మీద ఎర్రగా ఒక చుక్క, పక్కన ఇంకొకటి.

ఫొసువా పిన్ని గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? ముసల్దాని వేళ్ళు పులుసులో వేసి అమ్మమంటావా నన్ను?"

"అరవకే ఫొసువా, జనం తినడం మానేసి చూస్తున్నారు," అంది అవ్వ. చెయ్యి పైకెత్తి చూపించింది. "అయిదూ ఉన్నాయి. లెక్కపెట్టుకో కావాలంటే."

బిరాగో చేతిలోంచి రోకలి జారి పడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ చెయ్యని పని తను చేసింది. ఆ చేతిని చూసి ఇంతగా మురిసిపోయిన తనే!

అవ్వ నెమ్మదిగా లేచి గుడ్డముక్క ఏదైనా దొరుకుతుందేమోనని కట్టెల గుట్ట వైపు వెళ్ళింది. అక్కడ వంగింది. కాసేపు వంగే ఉంది. బిరాగో సంచి అక్కడే ఉంది. అవ్వ తిరిగొచ్చేసరికి వేలికి నల్ల కవరు ముక్క చుట్టి ఉంది, మొహంలో మాత్రం ఏమీ లేదు. రోట్లో ముద్ద తీసి కోళ్ళకి వేయించింది. రోలు కడిగించింది. కొత్త పెండలం ముక్కలు వేసింది. పీట మీద కూర్చుంది.

"నిలబడ్డావేం? దంచు."

"నా వల్ల కాదవ్వా. పిన్నిని పట్టుకోమను."

"ఫొసువా దంచితే నా చెయ్యే కాదు, రోలు కూడా మిగలదు. పట్టు రోకలి."

"అవ్వా, నాకు భయంగా ఉంది."

"నాకు లేదుగా. వేలు నాది. భయపడాల్సింది ఎవరు?"

బిరాగో రోకలి ఎత్తింది. అవ్వ అదే చెయ్యి, కవరు చుట్టిన ఆ వేలితోనే, రోట్లో పెట్టింది. పెట్టి, ఎప్పటిలాగే వీధిలోకి చూసింది. రోకలి దిగింది. చెయ్యి అక్కడ లేదు. లేచింది. చెయ్యి అక్కడ ఉంది. బిరాగోకి కళ్ళలో నీళ్ళు తిరిగి రోలు మసకబారింది, అయినా లెక్క తప్పలేదు. ఇందాక తన వేలు నలగ్గొట్టినంత పని చేసిన రోకలి కిందే, చేసిన మనిషి ఎదుటే, ఒక మనిషి చెయ్యి పెట్టి పక్కకి చూడగలదా? ఎక్కడి నుంచి వస్తుంది అంత ధైర్యం? కాదు, అది ధైర్యం కాదనిపించింది. అవ్వ తనని నమ్ముతోంది. అంత మామూలుగా, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా.

"ఇప్పుడు బాగుంది. నీ ఊపిరి దారికొచ్చింది," అంది అవ్వ. "అటు చూడు, ఆ పాస్టరు మూడో ముద్దకి వచ్చాడు."

మూడింటికి పని అయింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తాము దంచిన ఫుఫు ముద్ద, పామాయిల్ పులుసు పెట్టుకుని పందిరి కింద కూర్చున్నారు. అవ్వ గాయం లేని వేళ్ళతో ముద్ద తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగింది. తర్వాత అడిగింది.

"కట్టెల వెనక సంచి ఎక్కడికి పోతోంది?"

బిరాగో తల దించుకుంది. "మాన్సా దగ్గరికి. వాళ్ళ గదిలో ఒక పిల్ల సెలవు మీద ఊరెళ్ళిందట."

"నాకెప్పుడు చెబుదామని?"

బిరాగో పులుసులో వేలు తిప్పుతూ ఉంది.

"అడుగుతున్నాను, ఎప్పుడు చెబుదామని?"

"తివక్క పసిబిడ్డతో వస్తోంది కదవ్వా. గది చాలదు. నువ్వా పొమ్మని చెప్పలేవు. అందుకని నేనే..."

"నేను పొమ్మని చెప్పలేనని నీకెవరు చెప్పారు?" అవ్వ గొంతు పెరిగింది. "ముగ్గురు మొగుళ్ళకి చెప్పాను పొమ్మని. ఇంత పిల్లవి, నీకు చెప్పలేనా? గది చాలదు, నిజమే. నీకు చెప్పేదాన్నే, ఈ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేదాన్ని. పొమ్మనడం వేరే. చెప్పకుండా పోవడం వేరే. దొంగలు పోతారు అట్లా."

బిరాగో వేళ్ళు పళ్ళెం అంచు దగ్గర ఆగిపోయాయి. అవ్వ కూడా తినడం ఆపింది. కోళ్ళ వైపు తిరిగింది.

"తివా కంటే ముందు నాకొక పిల్ల పుట్టింది," అంది చివరికి. "ఏడో రోజు పోయింది. మర్నాడు పేరు పెట్టాల్సింది. ఎనిమిదో రోజు దాకా బిడ్డ ఇంటికొచ్చిన అతిథేగా, ఉంటుందో పోతుందో దాని ఇష్టం. వచ్చింది, చూసింది, నచ్చలేదు, పోయింది, ఏడవకు అన్నారు మా పెద్దవాళ్ళు. చుట్టపుచూపుగా వచ్చినదాని కోసం ఎవరైనా ఏడుస్తారా అన్నారు. నాకు తెల్లబట్ట కట్టించి, వేరుశనగ పులుసు పోసి ఫుఫు తినిపించారు. తిన్నాను. తినకపోతే ఇంకో బిడ్డ రాదన్నారు."

"అవ్వా..."

"పోతే పోయింది. ఒక్కమాట అడిగి పోవాల్సింది. అమ్మా, దారి ఇవ్వు, అని. సగమైనా పట్టుకునేదాన్ని కదా." కవరు చుట్టిన వేలితో ముక్కు తుడుచుకుంది. "అందుకే అడగకుండా పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నువ్వు ఇవాళ మూడింటికి అట్లా పోయుంటే, మళ్ళీ ఒకసారి నేను ఏడవకూడదని కూర్చోవాల్సి వచ్చేది."

ఇప్పటి దాకా వదిలి వచ్చిన ఆరిళ్ళూ బిరాగో కళ్ళముందు తిరిగాయి. తెల్లారి లేచి మడిచిన చాప చూసిన కుట్టుపనావిడ, ఖాళీ గది తలుపు తీసిన పాటల పంతులమ్మ. తను వాళ్ళ బరువు దించుతున్నాననే అనుకుంది. వెనక వాళ్ళేమనుకున్నారో ఒక్కసారీ అనుకోలేదు.

"అడగాలంటే భయమవ్వా," అంది, పళ్ళెంలోకి చూస్తూ.

"ఏం భయం?"

"మొత్తం ఇచ్చేస్తే?"

అవ్వ నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుని చెయ్యి కడుక్కుంది. "లే. సంచి పట్టుకో. వచ్చేవాళ్ళుండగా పోయేవాళ్ళ మాట ఎత్తకూడదు. ముందు బిడ్డ రానీ," అంది.

అవ్వ గది పన్నెండు గదుల లోగిలిలో కుళాయి పక్కది. టాక్సీ సందులోకి తిరగ్గానే లోగిలి మొత్తం లేచింది. బట్టలుతుకుతున్న వాళ్ళు నురగ చేతులతోనే వచ్చారు. తివా నెమ్మదిగా, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగింది. ఆమె గుండెకి హత్తుకుని తెల్లబట్టలో ఒక మూట. అవ్వ గుమ్మంలో నిలబడి ఆ మూటని రెండు చేతులా అందుకుంది, పెద్ద చుట్టాన్ని మర్యాద చేసినట్టు తల వంచి పలకరించింది.

"రావమ్మా అతిథీ, రా. ఇక్కడంతా చల్లగా ఉంది. దారిన పడి వచ్చినదానివి నువ్వు. ఏం పని మీద వచ్చావో చెప్పు, వింటాం."

బిడ్డ నోరంతా తెరిచి ఆవలించింది.

"నిద్రపోయే పని మీద వచ్చిందంట!" ఎవరో అన్నారు. లోగిలంతా గొల్లుమంది.

తివాకి వేడినీళ్ళ స్నానం చేయించాలి. అవ్వ చుట్టూ చూసి, బిడ్డని తీసుకొచ్చి బిరాగో ఒళ్ళో పెట్టేసింది. కాదూ కూడదనే వ్యవధి ఇవ్వలేదు. "తల కింద చెయ్యి పెట్టు. ఆఁ, అట్లా," అని వెళ్ళిపోయింది.

బిరాగో మంచం అంచున బిగుసుకుపోయి కూర్చుంది. ఇంతకుముందు పసిబిడ్డల్ని చూడలేదని కాదు, ఎత్తుకోలేదని కాదు. కానీ రెండు రోజుల మనిషిని చూడటం ఇదే మొదలు. అరచేయంత మొహం. నుదుటి మీద సన్నటి నూగు. ఎర్రటి పిడికిళ్ళు, ఒక్కొక్క వేలికి బియ్యపుగింజలో సగమంత గోరు. ఈ గదిలోకి తన కన్నా ఆలస్యంగా వచ్చిన మనిషి ఇదొక్కతే. చేతిలో సంచి కూడా లేదు. పేరు లేదు. ఉంటానని మాట ఇవ్వలేదు. అయినా పన్నెండు గదులవాళ్ళు లేచి నిలబడ్డారు. దీని కోసం మంచం జరిగింది, తొట్టి వచ్చింది, తను పడుకునే చోటు ఖాళీ అయింది. ఎన్నాళ్ళుంటావని ఎవరూ అడగరు. లోకంలోకి అందరూ ఇలాగే వచ్చారు కదా అని తట్టింది బిరాగోకి. తనూ ఒకనాడు ఇలాగే వచ్చింది, వోల్టా అవతల ఏదో గదిలో. ఎవరో మంచం జరిపే ఉంటారు. బిడ్డ కళ్ళు తెరిచింది. ఆ నల్లటి చూపు బిరాగో మొహం మీద ఆగిందో, వెనక గోడమీద ఆగిందో తెలియదు కానీ, బిరాగో మాత్రం ఊపిరి బిగబట్టి, "నేనూ చుట్టాన్నే," అని దానితో మెల్లగా చెప్పింది.

తివా తల తుడుచుకుంటూ లోపలికొచ్చింది. అలసిపోయి ఉంది, అయినా కళ్ళు నవ్వుతున్నాయి.

"నీ చాప లాగేసుకుంటున్నానని తిట్టుకుంటున్నావా?"

"అయ్యో, లేదక్కా."

"ఫోనెత్తితే చాలు, అమ్మకి నీ గోలే. బిరాగో దంచితే రోలు పాడుతుందంట. నేను దంచినప్పుడు ఏడ్చేదంట." తివా బిడ్డని అందుకుంది. "ఏం పెట్టావే మా అమ్మకి?"

పొద్దు కొంచెం వాలింది. చీకటి పడకముందే బస్సు ఎక్కాలి. బిరాగో కూడా రోజంతా దంచిన చెమట పోయేలా దడి చాటున తన వల పీచుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన గౌను వేసుకుని వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచింది. అవ్వ పీట మీద కూర్చుని బిడ్డ బట్టలు మడుస్తోంది. తివా మంచం మీద పాలిస్తోంది. బిరాగో అవ్వ ముందు నిలబడి, రెండు చేతులూ ముందు కట్టుకుని, నోరు తెరిచింది.

"అవ్వా. తివక్కా. పొద్దు పోతోంది. దారి అడుగుతున్నాను."

అవ్వ తలెత్తలేదు. చేతిలో బట్ట మడత పూర్తి చేసింది. ఇంకొకటి తీసింది. బిరాగోకి బియ్యం ఏరుతున్న మేనత్త కనిపించింది, అదే వంగిన మెడ, అదే తలెత్తని తీరు. అడగకుండా ఉండాల్సింది అనుకుంది. రోకలి పైన ఉంది, తన చెయ్యి రోట్లో ఉంది, తీసుకోవడానికి ఇక వీల్లేదు.

అవ్వ ఆ రెండో బట్ట కూడా మడిచి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు చూసింది.

"విన్నాను," అంది. మామూలు గొంతు కాదు, లోగిలి పెద్దలు మాట్లాడే గొంతు. "ఏడు వారాలు మాతో తిన్నావు, మాతో పడుకున్నావు. నా రోట్లో రోకలి వేశావు. ఇవాళ దారి అడిగావు. సగం ఇస్తున్నాను."

బిరాగో అలాగే నిలబడిపోయింది.

"సగమేనే అమ్మాయ్, వినపడిందా? మిగతా సగం నా దగ్గరుంటుంది. మంగళవారం దీనికి పేరు పెడతాం. ఫుఫు ఎవరు దంచుతారు, ఫొసువానా? వచ్చిన చుట్టాలకి పళ్ళు ఊడిపోతాయి. పొద్దున్నే వచ్చెయ్. నలభై రోజులు పోయాక తివా తన మొగుడి దగ్గరికి పోతుంది. అప్పటి సంగతి చెప్పాలా నీకు?"

సగం దారి ఇచ్చినప్పుడు ఏమనాలో బిరాగోకి తెలియదు. ఆమెకి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. నోరు తెరుచుకుని నిలబడితే మంచం మీద నుంచి తివా మెల్లగా అందించింది. "తీసుకున్నాను, మళ్ళీ వస్తాను, అను."

"తీసుకున్నాను. మళ్ళీ వస్తాను," అంది బిరాగో. అని ఏడ్చింది. దాచుకోలేదు. అవ్వ కూడా ఏడవద్దని అనలేదు.

బయట ఆ గళ్ళ సంచి ఎత్తాలి. ఆ రకం సంచికి ఊళ్ళో పేరే "ఇంటాయనా, నెత్తికెత్తు" అని. అవ్వ దాన్ని ఒక పక్క పట్టుకుని నవ్వింది. "ఈ ఇంటికి ఇంటాయన లేడు. ముగ్గుర్నీ పంపేశాగా. ఇంటావిడే ఎత్తాలి." కవరు చుట్టిన వేలు పక్కకి పెట్టి, నాలుగు వేళ్ళతో ఎత్తి బిరాగో తలమీద పెట్టింది.

బిరాగో మెడ నిలిపి నడిచింది. కుళాయి దాటింది, లోగిలి గుమ్మం దాటింది. సందు మొదట్లో పెండలం బస్తాల బండి అడ్డం ఉంటే పక్కకి ఒదిగింది. అక్కడ గుర్తొచ్చింది. ఇన్ని ఇళ్ళలోనూ ఒక్క పిన్నీసు కూడా వదిలిరాని మనిషి ఇవాళ ఒకటి మర్చిపోయింది. ఆగింది. ఒక క్షణం వెనక్కి తిరగబోయింది కూడా. మంగళవారం ఎంత దూరం అనుకుని, బస్సుల అడ్డా వైపు నడిచింది.

లోగిలిలో స్నానాల దడికి కొట్టిన మేకు మీద, అవ్వ ఒళ్ళు రుద్దుకునే పాత పీచు పక్కనే ఇంకొక పీచు వేలాడుతోంది, ఆకుపచ్చ వలది, దాని కొస నుంచి నీళ్ళు ఇంకా ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి.